అరవై ఒకటో చీటీ

వర్క్‌షాప్, ఆసుపత్రి వెనక భవనం
ఫిబ్రవరి 4

మరదలికి,

నువ్వు పదకొండుసార్లు ఫోన్ చేశావు. చూశాను. ఎత్తలేదు. ఫోన్‌లో నాకు మాటలు రావు. ఈ మూడు నెలలుగా అసలే రావడం లేదు. ఉత్తరమైతే రాయగలను.

నువ్వు అడగబోయేవాటికి జవాబులు: తింటున్నాను. నిద్ర పడుతోంది. మీ అక్క మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. రెండు పోయాయి. ఎక్కువ పోశానట.

ఇక పని సంగతి. మా వర్క్‌షాపులో చెవి మిషన్లు బాగుచేస్తామని నీకు తెలుసు. మొత్తం అయిదుగురం. తీగలు అతికే ఆయనని టంకం అంటాం. చెవికి పట్టే అచ్చులు పోసే ఆవిడ అచ్చులమ్మ. శబ్దం రాని గదిలో కూచుని మిషన్లు పరీక్షించే అమ్మాయి వాగుడుకాయ. ఆ గదిలోంచి బయటికి రాగానే లోపల దిగమింగుకున్న మాటలన్నీ మా మీద కక్కుతుంది. తర్వాత కౌంటర్ ఆవిడ, నేను.

ఆసుపత్రికి కొత్త అధికారి వచ్చాడు. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి. ఆ రెండు పెన్నులాయన పోయినవారం అన్నాడు: "ఒక్కో మిషన్‌కి ఇరవై ఆరు రోజులు పడుతోంది. మే నెలలో మీరిచ్చేవాటి సగటు పది రోజులకి దిగాలి. దిగకపోతే ఈ పని బయటి కంపెనీకి ఇచ్చేస్తాను."

నేను ఎలాగూ రెండేళ్ళలో రిటైరవుతాను. మిగతా నలుగురికి ఇంకో పని రాదు.

"మా చెల్లి గోడకి కాగితాలంటించి జీతం పుచ్చుకుంటుంది," అనేది మీ అక్క. ఆ విద్య నేర్పు.

బావ


మా ఆఫీసు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 11

బావగారికి,

అమ్మయ్య! మీ చేతిరాత చూశాక ప్రాణం లేచొచ్చింది. పదకొండు ఫోన్లకి ఒక ఉత్తరం. బేరం బాగానే ఉంది.

గోడకి కాగితాలంటించడాన్ని వెక్కిరించిన అక్క మొగుడు నా దగ్గరే శిష్యరికానికి రావడం! ఇది వినడానికి అది లేదే అని ఒక్కటే బెంగ. సరే, పాఠం.

దాని పేరు కాన్‌బాన్. మీవాళ్ళకి నోరు తిరక్కపోతే "గోడ" అనండి. నాలుగు గళ్ళు గీయండి: వచ్చినవి, చేతిలో ఉన్నవి, పరీక్షలో ఉన్నవి, ఇచ్చేసినవి. ఒక్కో మిషన్‌కి ఒక్కో చీటీ. పని కదిలితే చీటీ కదలాలి. గదిలో ఉన్న ప్రతి మిషనూ గోడ మీద ఉండాలి. ఇందులో మొహమాటం లేదు.

రెండో సూత్రం: ఒక్కొక్కరి చేతిలో రెండుకి మించి ఉండకూడదు. మీ టంకంగారు పది పళ్ళాలు ఎంగిలి చేసి ఒక్కటీ ఖాళీ చెయ్యని రకమని నా అనుమానం. ఒకటి తినేసి ఇంకోటి పట్టుకోమనండి.

మూడోది కొలత. చీటీ మీద మొదలైన తేదీ, అయిపోయిన తేదీ వెయ్యండి. తేడా లెక్కకట్టండి. అంతే, మంత్రం చెప్పేశాను. దక్షిణ తర్వాత.

మొక్కలకి వేలు మట్టిలో పెట్టి, తడి లేకపోతేనే పొయ్యండి. అక్క అలానే చేసేది.

మీ మరదలు


వర్క్‌షాప్
మార్చి 2

మరదలికి,

గోడ తయారైంది. షెల్ఫుల్లో అరవై మిషన్లు లెక్క తేలాయి. తర్వాత ఇంకొకటి కలిసింది. అరవై ఒకటి.

టంకం చేతిలో పదమూడు ఉన్నాయి. నీ అనుమానం తక్కువే. రెండే ఉంచుకోమంటే, "ముప్పై ఏళ్ళనుంచి ఇలాగే చేస్తున్నాను, నా చెయ్యి విరగ్గొట్టండి సార్," అన్నాడు. వాగుడుకాయ అతని బల్ల మీదనుంచి పదకొండు మోసుకెళ్ళి తిరిగి షెల్ఫులో పెట్టింది. రెండు రోజులు మాట్లాడుకోలేదు. గది ప్రశాంతంగా ఉంది.

ఫలితం చూసి నేనే నమ్మలేదు. సగటు మూడు రోజులు. ఇరవై ఆరెక్కడ, మూడెక్కడ. అందరం టీ తాగాం. కాగితం మీద శుభ్రంగా రాసి రెండు పెన్నులాయనకి పంపాను.

ఆయన నన్ను పిలిచి ఒక ఫైలు తెరిచాడు. నిండా ఫిర్యాదులు. "ఈవిడ నలభై రోజులుగా తిరుగుతోంది. ఈయన ముప్పై మూడు. మీ మూడు రోజులు ఎవరికండీ?" అన్నాడు. నవ్వాడు కూడా. అరిచినా బాగుండేది.

ఆ నలభై రోజులావిడ మాకు ఉత్తరాలు తెచ్చే ఆవిడే. తన మిషన్ మా దగ్గరుంది. బెల్లు మోగిందో లేదో తనకి వినపడదు కాబట్టి మూడుసార్లు నొక్కుతుంది. నీ ఉత్తరం వచ్చిందంటే వీధంతటికీ తెలుస్తుంది.

లెక్కలో తప్పు లేదు. మూడుసార్లు చూశాను. మరి ఎక్కడ పోయింది?

బావ


ఇంటి దగ్గర, వంటగదిలో
మార్చి 6

బావగారూ,

ఒకే ప్రశ్న. మొదలైన తేదీ ఎప్పుడు వేస్తున్నారు? మిషన్ కౌంటర్‌లో ఇచ్చిన రోజా, టంకంగారు చేతిలోకి తీసుకున్న రోజా?

రెండోదే అయ్యుంటుంది. తప్పు నాదే, నేను విడమరిచి చెప్పలేదు. మీ గడియారం మీరు పని మొదలుపెట్టినప్పుడు మొదలవుతోంది. పాపం వాళ్ళ గడియారం చెవిలోంచి మిషన్ తీసి మీకిచ్చిన క్షణం మొదలైంది. హోటల్లో గంట కూచోబెట్టి, "పొయ్యి మీద పెట్టాక అయిదు నిమిషాలే అయిందండీ" అన్నట్టుంది మీ లెక్క!

కౌంటర్ ఆవిడ రిజిస్టర్ తీయించి అసలు తేదీలు వెయ్యండి. ఇంకో సంగతి. సగటులోకి ఇచ్చేసినవే వస్తాయి. ఇవ్వనివి ఎన్నాళ్ళు మూలుగుతున్నా లెక్కలో కనపడవు. అందుకని గోడ మీద మిగిలినవాటి వయసు కూడా రాసి, అన్నిటికన్నా ముసలివి నాలుగు నాకు పంపండి. దీపం కిందే చీకటి ఉంటుంది.

మీ మరదలు


వర్క్‌షాప్
మార్చి 12

మరదలికి,

రెండోదే. "నేను ముట్టుకోనిదానికి నాదెలా పూచీ సార్?" అని టంకం అడిగితే సబబే అనిపించింది అప్పుడు.

అసలు తేదీలు వేశాం. సగటు ఇరవై నాలుగు. అందులో మా చేతులు మిషన్ మీద ఉన్న సమయం గంటా నలభై నిమిషాలు. మిగతాదంతా షెల్ఫు. ఈ అంకె గోడ మీద రాశాక ఎవరూ టీకి లేవలేదు.

ఎక్కడ ఆగుతున్నాయో చీటీలే చెప్పాయి. అచ్చులమ్మ దగ్గర. అచ్చులు గట్టిపడే పాత్రలో పన్నెండు పడతాయి. పన్నెండూ నిండేదాకా ఆవిడ పొయ్యి వెలిగించదు. నిండడానికి ఆరేడు రోజులు. "మూడింటికోసం పొయ్యి పెట్టడం దండగ కాదూ?" అంది. ఆవిడకి ఆ పాత్ర ఇచ్చిన రోజున, నిండాకే వెలిగించమని చెప్పింది నేనే. పందొమ్మిదేళ్ళయింది. ఇవాళ్టినుంచి రోజూ వెలిగిస్తుంది.

ముసలివి నాలుగు:
17వ చీటీ, 63 రోజులు. మనిషి ఊళ్ళో లేడు.
22వది, 58. మోడల్ పాతది.
9వది, 51. కప్పల్లే అరుస్తోంది. కారణం తెలియదు.
61వది, 181. విడిభాగం రావాలి.

బావ


ఆఫీసు
మార్చి 19

బావగారికి,

పందొమ్మిదేళ్ళ కిందట మీరిచ్చిన ఆజ్ఞని మీచేతే రద్దు చేయించిన ఘనత నాది. అక్క ముప్పై ఏళ్ళలో మీ చెప్పుల స్టాండు చోటు మార్పించలేకపోయింది.

గోడ మీద ఇంకో మాట రాయించండి. "ఇచ్చేసినవి" అంటే ఏమిటి? మీరు బాగుచేసి పొట్లం కట్టడమా? కాదు. మనిషి చెవికి పెట్టుకుని "వినిపిస్తోంది" అనాలి. అప్పుడే చీటీ చివరి గడిలోకి పోవాలి.

సగటుని మరీ నమ్మకండి. సగటున మోకాలి లోతేనని ఏట్లో దిగినవాడు మధ్యలో మునిగాడట. ఒక్కో మిషన్‌కి ఒక్కో చుక్క పెట్టి గ్రాఫు కాగితం మీద గీయండి. వందకి ఎనభై అయిదు ఎన్ని రోజుల్లో వెళ్తున్నాయో చూడండి. జనానికి చెప్పాల్సిన మాట అదీ.

అరవై ఒకటికి ఏ విడిభాగం రావాలి? నూట ఎనభై రోజులంటే ఓడలో తెడ్డు వేసుకుంటూ వచ్చినా రావాలే!

మీ మరదలు


వర్క్‌షాప్
ఏప్రిల్ 5

మరదలికి,

సగటు పద్నాలుగు. 9వ చీటీ అరుపు పోయింది. అందులో ఆయన మనవరాలి పూస ఇరుక్కుంది. 17వ చీటీ మనిషి ఊరినుంచి వచ్చాడు.

టంకం దారికొచ్చాడు. నిన్న వాగుడుకాయ చేతిలో మూడు చూసి, "రెండే! కళ్ళు లేవా?" అని అరిచాడు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి పట్టింపు ఎక్కువ.

"వినిపిస్తోంది" నియమం పెట్టాం. ఒకాయన పెట్టుకుని, చుట్టూ విని, "మా ఆవిడకి మాత్రం ఇంకా బాగవలేదని చెప్పండి," అన్నాడు. చీటీ జరపాలా వద్దా అని అరగంట చర్చ. జరిపాం.

మొక్కల్లో వేలు పెట్టి చూస్తున్నాను. మూడోది చిగురేసింది.

బావ


ఆఫీసు
ఏప్రిల్ 12

బావగారూ,

పద్నాలుగు! భేష్. కానీ నేనడిగిందానికి జవాబు రాలేదు.

నూట ఎనభై ఒక్క రోజులు వెనక్కి లెక్కపెట్టాను. సెప్టెంబర్ పన్నెండు.

అరవై ఒకటి ఎవరిది బావగారూ?

మీ మరదలు


ఇల్లు
ఏప్రిల్ 24

మరదలికి,

మీ అక్కది.

సెప్టెంబర్ పన్నెండున అది గరగరమంటోందంది. ఇలా ఇవ్వు, తీసుకెళ్తాను అన్నాను. నా డ్రాయర్‌లో పెట్టాను. ఇంటిదేగా, ముందు బయటివాళ్ళవి కానీ అనుకున్నాను. ఆమె కూడా తొందర లేదంది. రోజూ రేపు చూద్దామనుకున్నాను. ముప్పై ఎనిమిది రోజులు.

అక్టోబర్ ఇరవై పొద్దున బాల్కనీలో మొక్కల దగ్గర ఉంది. వీపు ఇటు. ఆలస్యమైపోతోంది. తలుపు దగ్గర్నుంచే వెళ్ళొస్తానన్నాను. తిరగలేదు. వినపడలేదని తెలుసు. ఎదురుగా వెళ్ళి చెబుదామంటే ఎనిమిది అడుగులు. వెళ్ళలేదు. పదకొండింటికి పక్కింటావిడ ఫోన్ చేసింది. ఆ తర్వాతవి నీకు తెలుసు.

గదిలో ఉన్న ప్రతి మిషనూ గోడ మీద ఉండాలన్నావు. డ్రాయర్ కూడా గదిలోదే. అందుకని చీటీ రాశాను. విడిభాగం అబద్ధం. ఇంతవరకూ మూత తీయలేదు.

చివరి గడిలోకి వెళ్ళాలంటే మనిషి చెవికి పెట్టుకుని వినిపిస్తోంది అనాలి. ఆ నియమం పెట్టమంది నువ్వే. నిన్ను అనడం లేదు.

ఇవాళ్టికి 224.

సగటు పదకొండు.

బావ


ఇంటి దగ్గర
మే 1

బావగారికి,

మీ ఉత్తరం నాలుగు రోజులు పక్కన పెట్టుకుని తిరిగాను. నేనూ ఒకటి దాచాను మీ దగ్గర.

ఆ ముప్పై ఎనిమిది రోజులూ అక్క నాతో ఫోన్‌లో మాట్లాడలేకపోయింది కదా. అందుకని ఉత్తరాలు రాసింది. మూడు. ఇది చివరిది, అక్టోబర్ తొమ్మిదిన రాసింది. "మీ బావకి చెప్పకు, చెడిపోతాడు" అని ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు దాని మాట తప్పుతున్నాను. కింద ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అసలు కాగితం మాత్రం ఇవ్వను. నాది.

"చెల్లీ, మిషన్ ఇంకా రాలేదు. మీ బావ రేపు రేపంటున్నాడు. నిజం చెప్పనా, నాకేం తొందర లేదు. పై వాటా వాళ్ళబ్బాయి డోలు నేర్చుకుంటున్నాడట. నాకు హాయి. అంతకంటే పెద్ద వింత, మీ బావ నా మొహం చూసి మాట్లాడుతున్నాడే! ముప్పై ఏళ్ళు పేపర్‌కి చెప్పిన మాటలు ఇప్పుడు కుర్చీ జరుపుకుని, ఎదురుగా కూచుని, పెదాలు కదిలిస్తూ చెప్తున్నాడు. ఎడం కంటి కింద పుట్టుమచ్చ ఉందని మర్చేపోయాను. పొద్దున్న తొందరలో మాత్రం పాత బుద్ధే. వెనకనుంచి వెళ్ళొస్తానని వెళ్ళిపోతాడు. నాకు వినపడదనుకుంటాడు. తలుపు తీస్తే మెడ మీద గాలి తగులుతుంది కదా, తెలుస్తుంది. సరే అని చెయ్యి ఊపుతాను. అప్పటికే తలుపు వేసేస్తాడు, చూడడు. ఎవరి చెవుడు వాళ్ళది. మిషన్ త్వరగా బాగుచెయ్యమని నువ్వు సిఫార్సు చెయ్యకు. ఇంకో నెల పోనీ."

ఇదీ బావగారూ. ఇంకేం రాయను. ముక్కు కారుతోంది, కాగితం పాడవుతోంది.

మీ మరదలు


వర్క్‌షాప్
జూన్ 4

మరదలికి,

ఆలస్యమైంది. పని ఎక్కువ. నీ ఉత్తరం జేబులో ఉంది.

మే తొమ్మిదిన 61 మూత తీశాను. లోపల ఒక తీగ టంకం ఊడింది. గొట్టంలో దుమ్ము. పని ఇరవై నిమిషాలు.

టంకం చూశాడు. "నాకిస్తే ఆ రోజే చేసేవాణ్ణి కదా సార్," అన్నాడు. అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. నిజమే అన్నాను.

ఉత్తరాలు తెచ్చే ఆవిడ మిషన్ ఇక బాగవదని ఆ వారమే తేలింది. కొత్తది కొనడం ఆవిడ వల్ల కాదు. మీ అక్కది ఆవిడ వినికిడికి సరిపోతుందని వాగుడుకాయ పరీక్షించి చెప్పింది. అచ్చులమ్మ ఆవిడ చెవికి కొత్త అచ్చు పోసింది. పద్దెనిమిదో తారీఖుకి సిద్ధం.

అప్పుడు కౌంటర్ ఆవిడ లెక్క తీసింది. ఈ చీటీ మేలో జరిపితే రెండు వందల నలభై ఎనిమిది రోజులు సగటులో పడతాయి. నెలాఖరుకి తొమ్మిదిలోపు వచ్చేది పదకొండు దాటుతుంది. "జూన్ ఒకటిన ఇద్దాం సార్. పద్నాలుగు రోజులేగా. ఎవరికీ తెలియదు," అంది. నలుగురూ నా వంక చూశారు. వాళ్ళ పని అది. నేను వాళ్ళకి ఏమైనా బాకీ ఉంటే ఆ పద్నాలుగు రోజులే.

అప్పుడే బెల్లు మూడుసార్లు మోగింది.

అచ్చులమ్మ లేచింది. "ఆవిణ్ణి ఇంకా ఎంతకాలం కూచోబెడతాం? పిలవండి," అంది.

ఆవిడ పెట్టుకుంది. వెళ్ళి మా బెల్లు ఒకసారి నొక్కింది. "అయ్యో, ఇది ఇంత గట్టిగా మోగుతుందా! ఇన్నాళ్ళూ మూడుసార్లు నొక్కానే. తిట్టుకోలేదు కదా?" అంది. ఇది వినిపిస్తోంది అన్నట్టా కాదా అని ఎవరూ చర్చ పెట్టలేదు. చీటీ నేను జరపలేదు. టంకం జరిపాడు.

మే నెలాఖరుకి మామూలువి ఎనభై ఎనిమిది ఇచ్చాం. సగటు ఎనిమిది తొమ్మిదుల మధ్య, తొమ్మిదికి దగ్గర. 61 కలిపితే పదకొండున్నర. రెండూ రాశాను. నువ్వు చెప్పిన గ్రాఫు కూడా పెట్టాను. చుక్కలన్నీ కింద చీమల బారులా ఉన్నాయి. వందకి ఎనభై అయిదు పన్నెండు రోజుల లోపు. ఒక్క చుక్క కోసం పైన ఇంకో కాగితం అతికించాల్సి వచ్చింది.

రెండు పెన్నులాయన ఆ అతికించిన కాగితం మీద వేలు పెట్టాడు.

"ఇదేమిటి?"

"నాది," అన్నాను. "నా భార్య మిషన్. నేనే చూడలేదు."

"ఇది తీసేసి ఇచ్చినా నాకు తెలిసేది కాదు."

"అవును."

ఆయన వేలు కిందికి, చీమల బారు మీదికి జరిపాడు. "మార్చిలో మూడు రోజులన్నారు. ఆ రోజు మీ మాట ఒక్కటీ నమ్మలేదు," అన్నాడు. "ఇది చూపించారు కాబట్టి మిగతా ఎనభై ఎనిమిదీ నమ్ముతున్నాను." రెండో పెన్ను తీశాడు. అది ఆకుపచ్చదని ఆ రోజే తెలిసింది. వర్క్‌షాపుని కొనసాగించమని రాశాడు. నెలనెలా గ్రాఫు పంపమన్నాడు. పై కాగితంతో సహా.

నలుగురికీ చెప్పాను. వాగుడుకాయ ఆ కబురు ఆసుపత్రంతా చెప్పి వచ్చింది. టంకం ఆ సంతోషంలో చేతిలోకి మూడు తీసుకున్నాడు. నేనూ చూడనట్టు ఊరుకున్నాను.

మిషన్ వెళ్ళిపోయింది. మీ అక్క చెవి అచ్చు మాత్రం ఉంది. అది ఇంకెవరికీ పట్టదు. డ్రాయర్‌లోనే పెట్టుకున్నాను. దానికి చీటీ రాయలేదు. పని ఏమీ లేదు దానితో.

పొద్దున్న వెళ్ళేటప్పుడు తలుపు వెంటనే వేయడం లేదు. కాసేపు ఆగుతున్నాను. బాల్కనీలో మూడో మొక్క నా మోకాలి ఎత్తయింది.

దీనికి జవాబు రాయకు. సెలవు పెట్టి రా. ముప్పై ఏళ్ళ మాటల్లో మొహం చూసి చెప్పవలసినవి కొన్ని మిగిలిపోయాయి. నీకైనా చెప్పాలి.

బెల్లు ఒకసారి నొక్కితే చాలు.

బావ